బరువు చాలని డ్రమ్ము

మూడోసారి కూడా డ్రమ్ము అదే పని చేసింది. నీళ్ళు వదిలేసి, బట్టలు పిండడానికి సిద్ధమై, నెమ్మదిగా వేగం అందుకుని, ఇక పిండేస్తుంది అనుకునే సరికి ధన్ ధన్ ధన్ మని ఒక పక్కకు కొట్టుకుని ఆగిపోయింది. మళ్ళీ నీళ్ళు పట్టింది. బట్టలను అటూ ఇటూ కుదిపింది. నీళ్ళు వదిలేసింది. మళ్ళీ ధన్ ధన్. ఆ తర్వాత ఇక నా వల్ల కాదన్నట్టు కీచుమంటూ, అద్దం మీద రెండు ఎర్ర అక్షరాలు వెలిగించి కూర్చుంది. యూ ఈ.

సాన్ యీ గడియారం చూసింది. కరెంటు తొమ్మిదికి వచ్చింది. ఒంటిగంటకు పోతుంది. ఈ గోలలోనే పదకొండున్నర అయ్యింది.

ముందు గదిలో పడక్కుర్చీలో ఉన్న మామగారు ఊ బా తౌంగ్ పేపరు దించకుండానే అడిగాడు.

"ఎవరి థమీన్ పడింది అందులో?"

"ఎవరిదీ పడలేదు నాన్నగారూ."

"మరి ఊరికే అరుస్తుందా?"

ఆయన ముప్పై రెండేళ్ళు లాంచీల రేవులో టికెట్ ఇన్‌స్పెక్టరుగా చేశాడు. టికెట్ లేనివాడు మొహం ఎలా పెడతాడో ఆయనకు తెలుసు. వాషింగ్ మెషీన్ మొహమూ అలాగే ఉందని ఆయన నమ్మకం. లేచి వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని డ్రమ్ములోకి వంగి చూశాడు. తన పసోలు రెండు, కొడుకు కో ఫ్యో జీన్స్ ప్యాంటు ఒకటి, రెండు చొక్కాలు. అంతే. అన్నీ ఒక పక్కకు ముద్దగా చేరి, రెండో పక్క డ్రమ్ము ఖాళీగా మెరుస్తోంది.

"నిన్న పడి ఉంటుంది. దాని ప్రభావం ఇవాళ కనిపిస్తోంది," అని తీర్పు చెప్పి, పేపరు దగ్గరికి వెళ్ళిపోయాడు.

ఆడవాళ్ళు కట్టుకునే లుంగీ థమీన్. మగవాళ్ళది పసో. థమీన్ తగిలిన నీళ్ళు పసోకు తగిలితే మగవాడి తేజస్సు దిగిపోతుంది. ఈ సంగతి ఆ ఇంట్లో ఎవరూ ఎవరికీ నేర్పలేదు. పొయ్యి వేడిగా ఉంటుందని ఎవరు నేర్పారు? అందుకే కో ఫ్యో సరిహద్దు అవతల నుంచి ఈ మెషీన్ తెప్పించిన రోజునే అది మగబట్టల మెషీన్ అయిపోయింది. థమీన్లకు పెరట్లో సిమెంటు తొట్టి ఉంది. ఆరేసుకోవడానికి తొట్టి పక్కనే నడుమెత్తున ఒక తాడు ఉంది. రేకు కప్పు ఉన్న వరండా తాడు మగబట్టలది. అది తలకు పైన ఉంటుంది; థమీన్ కింద నుంచి మగవాడు నడవకూడదు కాబట్టి థమీన్లు దాని మీద వేయరు. వానాకాలంలో వరండా తాడు మీదివి ఆరతాయి. పెరటి తాడు మీదివి రెండోసారి ఉతుక్కుంటాయి.

సాన్ యీ పన్నెండేళ్ళుగా ఆ తొట్టి దగ్గరే ఉతుకుతోంది. ఫిజిక్స్‌లో డిగ్రీ ఉంది. ఆ పట్టా అద్దం కట్టించి గోడకు తగిలించారు. దాని మేకుకే క్యాలెండర్ కూడా వేలాడుతుంది.

ఇన్నాళ్ళూ కూతురు యమిన్ బట్టలు మాత్రం మెషీన్‌లోనే పడేవి. పిల్లలకు లెక్క లేదు. కానీ మే నెలలో పిల్లకు చెవులు కుట్టించే వేడుక చేశారు. బంగారు పోగులు పెట్టి, పట్టు కట్టి, ఊరందరికీ నూడిల్స్ పెట్టారు. మర్నాడు పొద్దున్నే తాత ప్రకటించాడు.

"యమిన్ ఇక పెద్దమనిషి కిందే లెక్క. దాని థమీన్లు తొట్టి దగ్గరికి. ఎవరివి వాళ్ళు ఉతుక్కోవడం నేర్చుకోవాలి."

పదకొండేళ్ళ పిల్ల. స్కూలు తెరిచిన రోజు నుంచి, సాయంత్రం రాగానే ఆకుపచ్చ యూనిఫాం థమీన్ విప్పి, తొట్టి దగ్గర గొంతుకూర్చుని సబ్బు రుద్దుతోంది. దాని చేతులకు ఆ బట్ట పిండే బలం లేదు. ఒక కొస కాలితో తొక్కిపట్టి, ఇంకో కొస మెలితిప్పి, సగం నీళ్ళతోనే తాడు మీద వేస్తోంది.

మెషీన్ కీచుమనడం కూడా స్కూలు తెరిచిన వారమే మొదలైంది. ఆ రెండింటినీ కలిపి చూడాలన్న ఆలోచన ఇంకా ఎవరికీ రాలేదు.

*

శుక్రవారం నుంచి కొత్త నిబంధన వచ్చింది. మెషీన్ మూత వేసే ముందు మామగారు తనిఖీ చేస్తారు. ఒక్కొక్క బట్టా సాన్ యీ ఎత్తి చూపించాలి, ఆయన తల ఊపాలి, అప్పుడు డ్రమ్ములో పడాలి. ఆ తనిఖీలో యమిన్ తెల్ల జాకెట్టు దొరికిపోయింది.

"ఇదేంటి?"

"జాకెట్టే కదండీ. పైన వేసుకునేది."

"పైనా లేదు, కిందా లేదు. ఆడబట్ట ఆడబట్టే. ఇలాంటి సందులు దొరికే ఆ మెషీన్ పాడైంది."

జాకెట్టు బయటికి పోయింది. సాన్ యీ చేతి తువాలు పోయింది. అత్తగారు డో ఖిన్ లే దిండు గలీబు కూడా, అనుమానం మీద, పోయింది. డ్రమ్ములో ఇక ఒక జీన్సు, ఒక పసో మిగిలాయి. ఆయన బుద్ధుడి అల్మరా ముందు నుంచి, శుభం కోసం పెట్టే తబ్యే ఆకుల రెమ్మలు రెండు తీసి, గాజు గ్లాసులో నిండా నీళ్ళు పోసి, అందులో గుచ్చి, మెషీన్ పైన వెనక అంచు మీద పెట్టాడు.

"ఇక చూడు. ఎలా తిరగదో."

తిరిగింది. ధన్ ధన్ మంది. గ్లాసు అంచు మీద నడుచుకుంటూ వచ్చి, నేల మీద దూకి, ముక్కలైంది. యూ ఈ.

వసారాలో చుట్ట తాగుతున్న డో ఖిన్ లే, పొగ వదిలి, "రెమ్మలకి కూడా చూపించాల్సింది, లోపల ఏముందో," అంది. వెక్కిరింపో భక్తో ఆవిడ గొంతులో ఎప్పుడూ తేలదు.

ఆ సాయంత్రం యమిన్ స్నానానికి వెళ్తూ నడుము గోక్కుంటోంది. సాన్ యీ దగ్గరికి లాగి చూసింది. థమీన్ పై అంచుకు కుట్టే నల్లపట్టీ ఉంటుంది కదా, సరిగ్గా ఆ పట్టీ వెడల్పున, నడుము చుట్టూ ఎర్రగా దద్దుర్లు. కొన్ని చోట్ల గీరి నీరు కారుతోంది.

"ఎన్నాళ్ళ నుంచే ఇది?"

"ఆరడం లేదమ్మా. తడిదే కట్టుకుని వెళ్తున్నా. ఎండ వస్తే క్లాసులోనే ఆరిపోతుంది."

"ఎండ ఎప్పుడొచ్చింది?"

పిల్ల ఆలోచించింది. "మంగళవారం వచ్చింది కాసేపు." తువాలు భుజాన వేసుకుని, "నా పక్కన కూర్చునే పిల్ల చోటు మారిపోయింది. వాసనొస్తోందట," అంది, అదేదో వాతావరణం సంగతి చెప్పినట్టు.

సాన్ యీ మందు రాసింది. తన నడుము చుట్టూ ఆ పట్టీ వెడల్పున ఉన్న నల్లటి మచ్చ గుర్తొచ్చింది. పన్నెండేళ్ళలో అది దద్దు కావడం మానేసి చర్మం అయిపోయింది. ఆ మచ్చను ఆమె ఇన్నాళ్ళూ వానాకాలం అని పిలుచుకుంది.

*

మెషీన్‌తో వచ్చిన పుస్తకం థాయి భాషలో ఉంది. ఇంట్లో ఎవరికీ రాదు. చివరి పేజీలో మాత్రం ఎర్ర అక్షరాల పట్టిక ఉంది. అందులో కొన్నిటికి అర్థం సాన్ యీ అనుభవం మీదే రాసుకుంది. ఐ ఈ అంటే నీళ్ళు రావడం లేదు. గొట్టం విప్పి, లోపలి జల్లెడలో పేరుకున్న బురద పాత పళ్ళబ్రష్షుతో తోమాలి. ఓ ఈ అంటే నీళ్ళు పోవడం లేదు; వెనక గొట్టం మడతపడింది, లేదా కో ఫ్యో దాని మీద సైకిలు పెట్టాడు. యూ ఈ పక్కన ఖాళీ. ఆ పేజీ ఫోటో తీసి, సరిహద్దు అవతల మేసోట్‌లో కుట్టు ఫ్యాక్టరీలో పనిచేసే, థాయి చదవడం వచ్చిన పెద్దమ్మ కూతురికి పంపింది.

శనివారం పొద్దున ఫోనుకు, గొంతు రికార్డు చేసిన జవాబు వచ్చింది. వెనకాల యాభై మెషీన్ల రొద మధ్య అక్క అరుస్తోంది.

"ఒసే సాన్ యీ! ఫిజిక్స్ నువ్వు చదివి, చదవడానికి నా దగ్గరికి పంపుతావా? విను. బట్టలు ఒక పక్కకు చేరినప్పుడు ఇది వస్తుందట. మెషీన్ నేల మీద సమంగా నిలబడిందో లేదో చూడాలట. బరువైన బట్ట ఒక్కటే వేయకూడదట. డ్రమ్ములో బట్టలు మరీ తక్కువైతే ఇంకొన్ని వేసి, చుట్టూ సమంగా సర్దాలట. అంతే రాసుంది. మా సూపర్‌వైజర్ చూస్తున్నాడు, ఉంటా. ఆఁ, ఇంకోటి. ఇంకొన్ని బట్టలు వేయమంటే అర్థం కాకపోవడానికి మీ ఇంట్లో బట్టల్లేవా ఏం?"

సాన్ యీ దాన్ని రెండుసార్లు వింది. తర్వాత చాలాసేపు డ్రమ్ము వైపు చూసింది. నవ్వొచ్చింది. నవ్వలేదు.

ముందు నేల సంగతి. కొత్త గ్లాసు తీసుకుని నిండా నీళ్ళు పోసి, మెషీన్ పైన పెట్టింది. నీళ్ళు ఎడమ అంచుకు కాస్త వాలాయి. యమిన్‌ను పిలిచి మెషీన్ మూల ఎత్తి పట్టుకోమని, ఎడమ కాలి మరను అరచుట్టు తిప్పింది. మళ్ళీ గ్లాసు. ఇంకో పావుచుట్టు. నీళ్ళు నలువైపులా అంచుకు సమానంగా నిలిచాయి. మామగారు లేచేసరికి అందులో తబ్యే రెమ్మలు కూడా గుచ్చింది. ఆయన చూసి సంతోషించాడు.

తొమ్మిదికి తనిఖీ జరిగింది. పసో, పసో, జీన్సు, చొక్కా. మూత ఆయనే వేసి, మీట ఆయనే నొక్కి, గొడుగు తీసుకుని పగోడా మంటపానికి చదరంగం ఆడటానికి వెళ్ళాడు.

సాన్ యీ అరగంట ఆగింది. నేల సరిచేసినంత మాత్రాన సరిపోతుందేమో, న్యాయంగా చూడాలి కదా. ధన్ మంది. గ్లాసు ఒక అంగుళం జరిగింది. ఆమె మీట నొక్కి ఆపింది. మూత తెరిచింది.

"యమిన్, నీ థమీన్లు పట్రా. రెండూ. జాకెట్టు కూడా."

పిల్ల తడి చేతులతో తొట్టి దగ్గరే నిలబడిపోయింది. "తాత?"

"తాతకి నేను చెప్తాను. పట్రా."

సాన్ యీ తనవి నాలుగు తెచ్చింది. ముద్దకట్టిన జీన్సును విడదీసి ఒక పక్క వేసింది. దానికి ఎదురుగా ఆకుపచ్చ థమీన్లు. పసోలు రెండు ఎదురెదురుగా. మధ్య ఖాళీల్లో తనవి. మూత వేసి, చేతులు కట్టుకుని, గ్లాసు వైపు చూస్తూ నిలబడింది. డో ఖిన్ లే వసారాలోంచి చూస్తోందని వీపుకు తెలుస్తూనే ఉంది. చుట్ట వాసన ఆగిపోయింది.

డ్రమ్ము వేగం అందుకుంది. రొద పెరిగింది. పెరిగి, పెరిగి, ఒక్క పొడుగాటి కూతగా సాగింది. గ్లాసులో నీటి మీద సన్నటి వలయాలు పుట్టాయి, అంతే. రెమ్మలు కదల్లేదు.

తీసిన బట్టలు దాదాపు పొడిగా ఉన్నాయి. యమిన్ తన థమీన్‌ను చెంపకు ఆనించుకుంది.

"అమ్మా, సగం ఆరిపోయింది!"

*

ఆదివారం మధ్యాహ్నం ఊ బా తౌంగ్ పగోడా నుంచి హుషారుగా వచ్చాడు. నల్లగళ్ళ పసో, శనివారం డ్రమ్ములో తిరిగినదే, నడుముకు కరకరలాడుతోంది. మొహం వెలిగిపోతోంది.

"వరసగా మూడు ఆటలు! పోస్టుమాస్టరు మొహం చూడాలి. పదేళ్ళలో వాడి మీద మూడు గెలవలేదు." కుర్చీలో కూర్చుని టీ అందుకున్నాడు. "ఇంట్లో శుద్ధిగా ఉంటే బయట అదే కలిసొస్తుంది. చూశారా, తబ్యే పెట్టాక మెషీన్ నోరు మూసుకుంది. యమిన్! నువ్వు మాత్రం బద్ధకిస్తున్నావు. నిన్న నీ తొట్టి పొడిగా ఉంది. రేపటి నుంచి రోజూ ఉతకాలి, వింటున్నావా?"

యమిన్ తల్లి వైపు చూసింది.

చెప్పకపోయినా సాగుతుంది. ఆ సంగతి సాన్ యీకి తెలుసు. ఆయన పగోడాకు వెళ్ళినప్పుడల్లా మూత తెరవొచ్చు. తబ్యేకు పేరు, పిల్లకు పొడి బట్ట. కానీ అలా అయితే యమిన్ దొంగతనంగా పొడిబట్ట కట్టుకోవడం నేర్చుకుంటుంది. పెళ్ళయ్యాక కూతురికీ అదే నేర్పుతుంది.

"దాని తొట్టి పొడిగానే ఉంటుంది నాన్నగారూ. నిన్న దాని థమీన్లు మెషీన్‌లో వేశాను. నావి కూడా. మీరు కట్టుకున్న పసోతో పాటే."

కో ఫ్యో నోట్లో లడ్డూ అంత అన్నం ముద్ద అలాగే ఉండిపోయింది.

ఊ బా తౌంగ్ లేచాడు. చెయ్యి పసో ముడి మీద పడింది. విప్పేయాలా, ఉంచాలా? అందరి ముందూ విప్పలేడు. తెలిశాక ఉంచలేడు. ముడి అలాగే పట్టుకుని నిలబడ్డాడు.

"ఈ పసోతోనా?"

"దాంతోనే మూడు ఆటలు గెలిచారు."

"సాన్ యీ," అన్నాడు కో ఫ్యో, మెల్లగా.

"అబద్ధమా? మెషీన్‌లో బరువు చాలక తిరగనంటోంది. పుస్తకంలో రాసుంది. యమిన్ బట్టలు తీసేసిన వారం నుంచే కదా అరుపులు? మీరు ఒక్కొక్కటీ తీసేయిస్తుంటే అది ఇంకా అరిచింది. వేస్తే ఊరుకుంది." గొంతు పెరిగిందని ఆమెకే తెలిసింది. తగ్గించలేదు. "దీని నడుము చూశారా మీరు? తడి గుడ్డ కట్టుకుని, పుండ్లు పడి, వాసనొస్తోందని పక్కపిల్ల లేచిపోతే ఒక్కతే కూర్చుంటోంది. నా వరకు పన్నెండేళ్ళు ఊరుకున్నాను. దీని విషయంలో ఒక్కరోజు కూడా ఊరుకోను."

ముసలాయన కుర్చీ వెనక పట్టుకున్నాడు. రేవులో గొడవలు చూసిన మనిషి. చివరి మాట తనదే కావాలి.

"ఆ మెషీన్ మైలపడింది. ఇక మగబట్ట అందులో పడటానికి వీల్లేదు."

"సరే నాన్నగారూ."

ఆయన ఇంకో మాటకు సిద్ధమై ఉన్నాడు. సరే అంటుందనుకోలేదు.

"మీ మాటే. ఇవాళ్టి నుంచి అది ఆడవాళ్ళ మెషీన్. తొట్టి మగవాళ్ళది. కరెంటుండేది నాలుగు గంటలు. నేను మెషీన్ దగ్గర ఉంటాను. తొట్టి దగ్గర ఎవరి బట్టలు వాళ్ళు ఉతుక్కోవడం నేర్చుకోవాలి."

చివరి వాక్యం ఎవరిదో ఇంట్లో అందరికీ గుర్తుంది.

అప్పుడు డో ఖిన్ లే లేచింది. చుట్ట గట్టు మీద ఆర్పి, లోపలికి వెళ్ళి, ఒక చేతి మీద ఆరేడు థమీన్లు వేసుకుని వచ్చింది. ముక్కు దగ్గర పట్టుకుంటే ముక్కిపోయిన వాసన. యాభై ఏళ్ళు సబ్బునీళ్ళలో నాని, పగిలిన వేళ్ళతో వాటిని మెషీన్ మీద పెట్టింది.

"ఇవి కూడా పడితే, దానికి బరువెక్కువై అరుస్తుందా?"

"ఇంకో మూడు పడతాయమ్మా."

"మూడెక్కడివి? ఉన్నవే ఇవి," అని, మొగుడి వైపు చూడకుండా మళ్ళీ చుట్ట వెలిగించుకుంది.

*

సోమవారం ఊ బా తౌంగ్ తొట్టి దగ్గర పీట వేసుకున్నాడు. పంతానికి ఆయనకు సాటి లేదు. సబ్బు ఎక్కువ రుద్దాడు, ఆరుసార్లు జాడించినా నురగ పోలేదు. పసో ఒక కొస స్తంభానికి కట్టి, రెండో కొస మెలితిప్పాడు. స్తంభం ఊగింది. నీళ్ళు ఆయన కాళ్ళ మీదే పడ్డాయి. వరండా తాడు మీద వేస్తే, చుక్కలు చుక్కలుగా కారి, కింద ఉన్న పేపరు తడిసింది.

మంగళవారం కో ఫ్యో తొట్టి దగ్గరికి వెళ్ళి, జీన్సు నానబెట్టి, నీళ్ళెక్కాక ఎత్తి చూసి, "ఇది జీన్సా, దున్నపోతా?" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. సాన్ యీ మాత్రం వంటింట్లోకి వెళ్ళి నవ్వుకుని వచ్చింది. రాత్రి అన్నం దగ్గర అతను గుసగుసగా, "నాది ఒక్కటీ వేసేయకూడదూ? నాకు తేజస్సు అంత ఏం లేదులే," అన్నాడు.

"మీ నాన్నగారితో చెప్పు ఆ మాట."

అతను పులుసు కలుపుకున్నాడు.

బుధవారం వాన తెరపి ఇవ్వలేదు. పసోలు రెండూ తడిగానే ఉన్నాయి. ఊ బా తౌంగ్ తక్కువ తడిదేదో చూసి కట్టుకుని మంటపానికి వెళ్ళి, గంటలోనే వచ్చేశాడు. ఆటలు అడిగితే చెప్పలేదు. కుర్చీలో కూర్చుని, పేపరు చాటున నడుము గోక్కోవడం మొదలుపెట్టాడు. ఇస్త్రీ చేసిన ఆకుపచ్చ థమీన్‌లో స్కూలు నుంచి వచ్చిన యమిన్, సంచీ దింపి, కాసేపు ఆయన్నే చూసింది. లోపలికి వెళ్ళి తన మందు గొట్టం తెచ్చింది.

"తాతా, ఇది రాసుకో. నాకూ ఇలాగే అయ్యింది. గీరితే ఎక్కువవుతుంది."

ఆయన గొట్టం తీసుకున్నాడు. మనవరాలి మొహంలో ఎకసక్కెం వెతికాడు. ఇన్‌స్పెక్టరు కళ్ళతో వెతికాడు. దొరకలేదు.

"నీకు... ఇంతా?"

"ఇంకా ఎక్కువ. నీళ్ళు కారేవి."

ఆయన చాలాసేపు ఆ గొట్టం మీది అక్షరాలు చదువుతూ కూర్చున్నాడు. కళ్ళద్దాలు నుదుటి మీదే ఉన్నాయి.

గురువారం తొమ్మిదికి కరెంటు వచ్చింది. స్కూలుకు సెలవు, బడి ముందు రోడ్డు మీద నీళ్ళు. సాన్ యీ, యమిన్ మెషీన్ దగ్గరికి వచ్చేసరికి, మూత మీద నల్లగళ్ళ పసో మడతపెట్టి ఉంది. పక్కన జీన్సు. ఊ బా తౌంగ్ తన కుర్చీలో, వీధి వైపు తిరిగి ఉన్నాడు.

సాన్ యీ వాటిని ముట్టుకోలేదు. ఊరికే తీసి వేసేయడం ఆమెకు ఇష్టం లేదు.

"ఇవి ఇక్కడెందుకున్నాయి నాన్నగారూ?"

గొంతు సవరించుకున్న చప్పుడు. "ఇవాళ మీ బట్టలు తక్కువున్నాయేమో అని. బరువు చాలక మళ్ళీ గోల చేస్తే, కరెంటు దండగ కదా. ఊరికే... తోడుకి."

"ఆడవాళ్ళ మెషీన్ అన్నారు."

వసారాలో డో ఖిన్ లే చుట్ట కొన దగ్గర నిప్పు ఎర్రబడింది.

"అన్నాను," అన్నాడాయన. వీధి వైపే చూస్తూ, "పిల్లవి ముందు వెయ్యండి. చోటుంటే నావి," అన్నాడు.

సాన్ యీ పక్కకు జరిగింది. "యమిన్, నువ్వు సర్దు."

పిల్ల డ్రమ్ములోకి వంగింది. ఒక చేతిలో తన ఆకుపచ్చ థమీన్, ఇంకో చేతిలో తాత పసో. ఆగింది. దాని బెరుకు ఎందుకో సాన్ యీకి తెలుసు.

"అమ్మా, పైన ఎవరిది వెయ్యాలి? కింద ఎవరిది?"

"పైనా కిందా లేదు. ఎదురెదురుగా వెయ్యి. చుట్టూ సమంగా."

మూత పడింది. నీళ్ళు పట్టడం, కుదపడం, వదలడం అన్నీ అయ్యాక, డ్రమ్ము నెమ్మదిగా కదిలింది. ముందు గదిలోంచి పేపరు తిప్పిన చప్పుడు రాలేదు. అందరూ గ్లాసు వైపే చూస్తున్నారు. చూడనివాడు ఒక్కడే.

"ఏమంటోంది మెషీన్?" అని అడిగాడాయన, ఇటు తిరక్కుండానే.

యమిన్ గ్లాసు దగ్గరికి ముక్కు పెట్టి చూసింది.

"ఏమీ అనడం లేదు తాతా. తిరుగుతోంది."